ఉత్తరం చేరే గడప ఎవరి పేరున ఉంది?

(స్త్రీల సంస్థల కార్యకర్తల కోసం జరిగిన రెండు రోజుల వర్కుషాపులో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన అంశం చూసి మీలో కొందరు నవ్వుకునే ఉంటారు. పొద్దున్నుంచీ భూమి హక్కు గురించీ, గృహహింస కేసుల గురించీ మాట్లాడుకున్నాం. ఇప్పుడీమె వచ్చి ఈమెయిలు చిరునామాల గురించీ, పెట్టె నిండా వచ్చిపడే చెత్త ఉత్తరాల గురించీ, సొంతంగా డొమైన్ పేరు తీసుకోవడం గురించీ చెబుతుందట. ఇది కంప్యూటరు బాగుచేసే అబ్బాయి చెప్పాల్సిన విషయం కదా అనిపించడం సహజమే. సోషియాలజీ చదివిన దాన్ని కాబట్టి నాకు ఇంకోలా అనిపిస్తుంది. ఒక మనిషి చిరునామాను ఎవరు ఇస్తారు, ఎవరు తీసేసుకోగలరు అనేది ఎప్పుడూ అధికారానికి సంబంధించిన ప్రశ్నే. స్త్రీలకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. పుట్టింట్లో ఒక ఇంటిపేరు, అత్తింట్లో ఇంకొకటి. రేషను కార్డులో ఒకరి భార్య, సర్టిఫికెట్టులో ఇంకొకరి కూతురు. కవరు మీద ‘కేరాఫ్’ లేకుండా తన పేరు రాయించుకోవడానికి ఒక్కొక్కరికి ఎంతకాలం పట్టిందో మన ముందు తరం వాళ్లను అడిగితే చెబుతారు.

ఈమెయిలు చిరునామాలో ‘ఎట్’ అనే గుర్తు ఒకటి ఉంటుంది. 1971లో రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు, ఫలానా మనిషి ఫలానా యంత్రం దగ్గర ఉన్నారని చెప్పడానికి ఆ గుర్తును ఎంచుకున్నాడు. దానికి ముందున్నది మన పేరు. తర్వాత ఉన్నది ఇంటిపేరు లాంటిది. ఆ ఇంటిపేరు మనలో ఎంతమందికి సొంతం? ఒక్కసారి మీ మీ చిరునామాలు గుర్తు చేసుకోండి. దాదాపు అందరివీ నాలుగైదు పెద్ద కంపెనీల పేర్లతోనే ముగుస్తాయి. కొందరివి పనిచేసే కాలేజీ పేరుతో, ఆఫీసు పేరుతో ముగుస్తాయి. కొందరికైతే ముందుభాగం కూడా సొంతం కాదు. భర్త పేరూ భార్య పేరూ కలిపి ఒకే చిరునామా, దాన్ని తెరిచేది ఆయన.

ఇలా ఇంకొకరి ఇంట్లో ఉన్నందువల్ల ఏం నష్టం అంటే, ఇల్లు మారినప్పుడల్లా మనల్ని ఎరిగిన వాళ్లు మనల్ని పోగొట్టుకుంటారు. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్టు ఇచ్చింది. ఆ తొలిరోజుల్లో కనెక్షన్ తీసుకున్న సంస్థల చిరునామాలు ఆ నిగమ్ పేరుతోనే ఉండేవి. 2002లో అది ప్రైవేటు చేతికి పోయింది, 2008లో పేరే మారిపోయింది. ఆనాటి కరపత్రాల మీదా, పుస్తకాల వెనక అట్టల మీదా ఆ చిరునామాలు ఇంకా కనిపిస్తుంటాయి. ఎవరైనా ఇవాళ వాటికి రాస్తే ఎవరికి చేరాలి? తర్వాత 1996లో హాట్‌మెయిల్, 2004లో జీమెయిల్ వచ్చాయి. ఉచితం కదా అని అందరం వెళ్లాం, ఇప్పటికీ అక్కడే ఉన్నాం. 2023లో గూగుల్ ఒక నియమం పెట్టింది. రెండేళ్ల పాటు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాను తీసివేయొచ్చునని. రెండేళ్ల పాటు తన ఉత్తరాల పెట్టె తెరవలేకపోయే మనిషి ఎవరై ఉంటారో కంపెనీ ఆలోచించి ఉండదు. మనం ఆలోచించాలి. పెళ్లయ్యాక ఫోను చేతికివ్వని ఇంట్లో పడ్డ అమ్మాయి, బయటపడి వచ్చేసరికి తన చదువు కాగితాలన్నీ ఉన్న పెట్టె మాయమై ఉండొచ్చు. ఇక యూనివర్సిటీలు, కాలేజీలు ఇచ్చే చిరునామాల సంగతి, కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పే అమ్మాయిలకు తెలుసు. ఉద్యోగం పోయిన నెలలోనే ఇంటిపేరూ పోతుంది. ఆమె పేరు మీద అచ్చయిన పరిశోధనా వ్యాసం కింద మాత్రం ఆ చచ్చిపోయిన చిరునామాయే శాశ్వతంగా ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న చరిత్ర చెప్పాలి, ఎందుకంటే ఇది మనకెవరూ చెప్పలేదు. కంప్యూటర్లకు పేర్లు పెట్టే పని మొదట్లో ఒక స్త్రీ చేతుల మీదుగా సాగింది. ఆమె ఎలిజబెత్ ఫైన్లర్. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో 1972 నుంచి 1989 దాకా నెట్‌వర్కు సమాచార కేంద్రాన్ని నడిపింది. అప్పట్లో ఆ నెట్‌వర్కులో చేరిన ప్రతి యంత్రం పేరూ ఒక్క జాబితాలోనే ఉండేది, ఆ జాబితాను ఉంచింది ఆమె బృందమే. కొత్త పేరు కావాలంటే వాళ్లకు ఫోను చేయాలి. యంత్రాలు పెరిగి జాబితా మోయలేనిదయ్యాక, 1983లో పాల్ మోకపెట్రిస్ డొమైన్ పేర్ల పద్ధతిని రూపొందించాడు. డాట్ కామ్, డాట్ ఆర్గ్, డాట్ ఈడీయూ అనే తోకలను స్థిరపరచడంలో ఫైన్లర్ బృందానికి భాగం ఉంది. చరిత్ర పుస్తకాల్లో ఆవిష్కర్తల పేర్లు ముందుంటాయి. పదిహేడేళ్ల పాటు జాబితా చెడిపోకుండా చూసిన మనిషి పేరు, ఉంటే గింటే, అడుగున ఉంటుంది. ఇంటిపని లెక్కలోకి రాదన్నట్టే.

సరే, సొంత డొమైన్ పేరు అంటే ఏమిటో చూద్దాం. పేర్లు నమోదు చేసే రిజిస్ట్రారు కంపెనీలు ఉంటాయి. ఎవరూ తీసుకోని పేరు ఒకటి చూసుకుని, ఏడాదికి కొన్ని వందల నుంచి పదిహేను వందల దాకా కట్టి నమోదు చేసుకోవచ్చు. (మొదటి ఏడాది తొంభై తొమ్మిది రూపాయలే అని ప్రకటన ఉంటుంది. రెండో ఏడాది రేటు ఎంతో ముందే చూసుకోండి.) డాట్ ఇన్ అనే మన దేశపు తోక 2005 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. ఇది కొనడం అంటున్నాం గానీ నిజానికి కౌలు. ఒకసారికి పదేళ్లకు మించి ఎవరూ ఇవ్వరు. ఆ తర్వాత మళ్లీ కట్టాలి.

నా ఇంటిపేరు ‘ముంగిలి’ అనుకోండి. ముంగిలి పేరున వచ్చే ఉత్తరాలన్నీ ఏ కంపెనీ యంత్రానికి చేర్చాలో ఆ పేరు కింద ఒక చీటీ రాసిపెట్టి ఉంటుంది. సాంకేతిక భాషలో దాన్ని ఎం.ఎక్స్. రికార్డు అంటారు. ఉత్తరాలు దాచే కంపెనీ నచ్చకపోతే ఆ చీటీ మార్చి ఇంకో కంపెనీకి వెళ్లిపోవచ్చు. నా చిరునామా మారదు, నాకు ఉత్తరం రాసేవాళ్లకు నేను ఇల్లు మారిన సంగతే తెలియదు. పాత ఉత్తరాలను మాత్రం వెళ్లేముందు దించుకుని వెంట తీసుకెళ్లాలి. కంపెనీ మనల్ని వెళ్లగొట్టే స్థితి నుంచి మనం కంపెనీని వదిలేయగల స్థితికి రావడం అన్నమాట. నేను ఈ విషయానికి రావడానికి మొదటి కారణం ఇదే. స్పామ్ బాధ రెండోది.

ఆ రెండోదాని గురించే మీరు ఎక్కువ అడుగుతారని తెలుసు. సొంత పేరున్నప్పుడు ‘ఎట్’ ముందు ఏ మాట పెట్టినా ఉత్తరం నా ఒక్క పెట్టెకే వచ్చేలా చేసుకోవచ్చు. కాబట్టి నేను అందరికీ ఒకే చిరునామా ఇవ్వను. బ్యాంకుకి ‘బ్యాంకు ఎట్ ముంగిలి’. చీరల కొట్టులో బిల్లు వేసే అమ్మాయి అడిగితే ‘చీరలు ఎట్ ముంగిలి’. రైలు టికెట్టుకి ఒకటి, గ్యాసుకి ఒకటి, సదస్సులకు ఒకటి. స్నేహితులకూ, కుటుంబానికీ ఇచ్చేది వేరు, అది ఏ కొట్టులోనూ, ఏ ఫారంలోనూ రాయను. పదిహేనేళ్లుగా నా పద్ధతి ఇది. గడపలు చాలా ఉన్నాయి, లోపల ఇల్లు ఒకటే. ఏదైనా గడప మీద చెత్త పోగుపడితే ఆ ఒక్క గడపా మూసేస్తాను, మిగతావి మామూలుగా నడుస్తాయి. చెత్త ఎవరి దారిన వచ్చిందో కూడా తెలుస్తుంది.

ఈ చివరి మాట చాలా ముఖ్యం. ఒక ఉదాహరణ చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక పరీక్షా కేంద్రంలో థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నాను. రిపోర్టు పంపడానికి ఈమెయిలు అడిగితే, ఆ కేంద్రం పేరుతోనే ఒక చిరునామా అక్కడికక్కడ చెప్పాను. పేరు ఊరు చెప్పను, మనకు కావలసింది అది కాదు. మూడు నెలలు తిరక్కుండా ఆ చిరునామాకు ఉత్తరాలు మొదలయ్యాయి. బరువు తగ్గించే పొడులు, ఆరోగ్య బీమా, జుట్టు ఊడకుండా నూనెలు, ఆఖరికి బొడ్డుతాడు రక్తం దాచిపెట్టే కంపెనీ. నేను గర్భవతిని కాను, వాళ్లకు చెప్పనూ లేదు. నా వయసునూ ఆడదాన్నన్న సంగతినీ కలిపి ఎవరో కూడికలు వేసుకున్నారు. నేను కేంద్రానికి ఉత్తరం రాశాను. మా దగ్గర నుంచి వివరాలు బయటికి పోలేదని జవాబొచ్చింది. ఆ చిరునామా ప్రపంచంలో మీకొక్కరికే ఇచ్చాను అని మళ్లీ రాశాను. దానికి ఇప్పటి దాకా జవాబు లేదు.

న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. ఏ గడప నుంచి వచ్చిందో తెలిసినంత మాత్రాన ఎలా వచ్చిందో తెలియదు. అమ్ముకుని ఉండొచ్చు, కంప్యూటరులోంచి ఎవరైనా దొంగిలించి ఉండొచ్చు, అక్కడ పనిచేసే ఒక మనిషి చేసిన పని కావొచ్చు. అయినా అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది. అందరికీ ఒకే చిరునామా ఇచ్చిన మనిషికి ఆ ఆధారం కూడా ఉండదు. ఆమె ఎవరిని అడగాలి?

అసలు స్పామ్ అనేది టెక్నాలజీ చేసిన తప్పు అనుకుంటే పొరపాటు. 1978 మేలో అమెరికాలో డెక్ అనే కంప్యూటరు కంపెనీ ఉద్యోగి గ్యారీ థర్క్ తమ కొత్త యంత్రాల ప్రదర్శనకు రమ్మని నెట్‌వర్కు మీద సుమారు 400 మందికి ఒకేసారి ఉత్తరం పంపాడు. మొదటి స్పామ్‌గా దాన్నే చెబుతారు. అమ్మేవాడికి ఒక ఉత్తరమైనా వెయ్యి ఉత్తరాలైనా ఖర్చు ఒకటే. చదివి తీసేసే శ్రమ అంతా మనది. జీతంలేని పని ఎవరి నెత్తిన పడుతుందో ఈ హాల్లో ఉన్నవాళ్లకు వివరించనక్కర్లేదు. పిల్లల స్కూలు నుంచి వచ్చే ఉత్తరాలూ, అత్తగారి మందుల ఆర్డర్లూ, కరెంటు బిల్లూ చాలా ఇళ్లలో స్త్రీలే చూసుకుంటారు. ఇంటి మొత్తానికి వచ్చే చెత్త కూడా వాళ్ల పెట్టెలోకే వస్తుంది.

చట్టం ఏం చేస్తోంది? అమెరికాలో 2003లో స్పామ్ మీద ప్రత్యేక చట్టం చేశారు. మన దగ్గర ఈమెయిలు స్పామ్‌కు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ట్రాయ్ 2010లోనూ, 2018లోనూ చేసిన నిబంధనలు వ్యాపార ఫోన్ కాల్స్‌కూ, ఎస్సెమ్మెస్‌లకూ వర్తిస్తాయి. ఐటీ చట్టంలో 2008 సవరణతో వచ్చిన 66ఎ సెక్షనులో చికాకు పెట్టే ఈమెయిళ్ల ప్రస్తావన ఉండేది. దాన్ని ఎవరి మీద ఎలా వాడారో మనకు తెలుసు. ఫేస్‌బుక్కులో ఒక మాట రాసినందుకు 2012లో మహారాష్ట్రలో ఇద్దరు అమ్మాయిలను అరెస్టు చేశారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షనును కొట్టేసింది, మంచిపని చేసింది. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పింది. ఆ తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. ఒక పని కోసం తీసుకున్న సమాచారాన్ని దానికే వాడాలి, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం ఇచ్చినంత సులువుగా ఉండాలి అని అందులో ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో గానీ వెలువడలేదు. కంపెనీల ప్రధాన బాధ్యతలకు ఇంకో పద్దెనిమిది నెలల గడువిచ్చారు. రేపు ఎవరైనా ఫిర్యాదు చేయాలన్నా, ఈ చిరునామా నేను వీళ్లకు మాత్రమే ఇచ్చాను అని చూపించగలిగితే ఆ ఫిర్యాదుకు ఉండే బలం వేరు.

ఈ పద్ధతిలో ఇబ్బందులు లేవని చెప్పను. కంపెనీ పేరుతో చిరునామా చెప్పగానే కౌంటరులో కుర్రాడు తలెత్తి చూస్తాడు. ‘మేడమ్, మీరు మా కంపెనీలోనే చేస్తారా?’ అని నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. ఏ పేరు పెట్టినా పెట్టెలోకి రానిచ్చే ఏర్పాటును కనిపెట్టి, స్పామ్ పంపేవాళ్లు నోటికొచ్చిన పేర్లన్నీ ముందు పెట్టి పంపుతారు. అప్పుడు ఆ ఏర్పాటు ఆపి, మనం ఇచ్చిన పేర్ల జాబితాకు మాత్రమే ఉత్తరాలు రానివ్వాలి. అందుకే ఏ పేరు ఎవరికిచ్చామో ఒక పుస్తకంలో రాసుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి, పాల పుస్తకం లాగా. జవాబు రాసేటప్పుడు ఏ గడప నుంచి వచ్చిందో ఆ గడప పేరుతోనే పంపాలి, లేదంటే స్నేహితుల కోసం దాచుకున్న చిరునామా కొట్టువాడికి తెలిసిపోతుంది. మన పేరు పెట్టి ఇంకెవరో దొంగ ఉత్తరాలు పంపే ప్రమాదమూ ఉంది. దానికి ఎస్.పి.ఎఫ్., డీకిమ్, డీమార్క్ అని మూడు రక్షణలు ఉన్నాయి. డొమైన్ ఇచ్చిన కంపెనీవాళ్లను అడిగి మూడూ పెట్టించుకోండి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వీటి విషయంలో కఠినంగా ఉంటున్నాయి. సరిగా లేకపోతే మన సమావేశ నోటీసులు కూడా అవతలివాళ్ల చెత్తబుట్టలోకి పోతాయి. ఇందులో ఒక అన్యాయం ఉంది. ఉత్తరాల లోకమంతా కొద్ది కంపెనీల చేతుల్లో ఉన్నప్పుడు, చిన్న సంస్థ నేను దొంగను కాను అని ప్రతిసారీ రుజువు చేసుకోవాల్సి వస్తుంది.

డబ్బు పెట్టలేని వాళ్లకు చిన్న ఉపాయం ఒకటుంది. జీమెయిల్‌లో మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏ మాటైనా చేర్చండి, ఉత్తరం మీకే వస్తుంది. కాకపోతే చాలా ఫారాలు ప్లస్ గుర్తును ఒప్పుకోవు, తెలివైన వాళ్లు ప్లస్ తర్వాతి మాట తీసేసి అసలు పేరు పట్టుకుంటారు. ఏమీ లేనిదానికన్నా నయం.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలచుకున్న విషయానికి వస్తాను. సొంత డొమైన్ పేరు సొంత ఇల్లు లాంటిదే గానీ దాక్కునే చోటు కాదు. ముంగిలి అనే పేరు ఒక్కరిదే అయినప్పుడు, ఆ తోకతో వచ్చిన చిరునామాలన్నీ ఒకే మనిషివని ఎవరికైనా తెలుస్తుంది. హింసించే భర్త నుంచి తప్పించుకున్న స్త్రీకి, వెంటపడే వాడి నుంచి దూరంగా ఉండాల్సిన అమ్మాయికి ఇది పనికిరాదు. అలాంటి వాళ్లు లక్షలమందిలో కలిసిపోయే చిరునామానే వాడాలి. ఫైర్‌ఫాక్స్ రిలే, యాపిల్ వాళ్ల ‘హైడ్ మై ఈమెయిల్’ లాంటివి అర్థంలేని పేర్లతో చిరునామాలు ఇస్తాయి, అందరికీ తోక ఒకటే కాబట్టి మనిషి బయటపడదు. అంతకన్నా ముందు ఆ ఖాతాను తిరిగి తెరవడానికి ఇచ్చిన ఫోను నంబరు ఎవరిదో చూడాలి. ‘మా ఆయనే చేసిపెట్టారు’ అనే మాట కౌన్సెలింగులో మీరెన్నిసార్లు విన్నారో గుర్తు చేసుకోండి. ఒక స్త్రీ ఈమెయిలు, ఇంటర్నెట్టు వాడకం మీద ఒక పురుషుడు నిఘా వేయడం నేరమని 2013 సవరణతో 354డి సెక్షను చెప్పింది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షను అయింది. ఆ సెక్షను కొట్టినవాడి కేసుల్లో కూడా పనికొస్తుందన్న సంగతి మన లాయర్లకు గుర్తు చేయండి.

పేరు నమోదు చేసేటప్పుడు మన పేరూ, ఇంటి చిరునామా, ఫోను నంబరూ ఇవ్వాలి. 2018 దాకా ఇవన్నీ ‘హూయీజ్’ అనే బహిరంగ జాబితాలో ఎవరైనా చూడగలిగేవాళ్లు. నోరున్న స్త్రీ ఇంటి అడ్రసు అలా రోడ్డున పెడితే ఏమవుతుందో 2021, 2022లలో ముస్లిం స్త్రీల ఫొటోలను వేలానికి పెట్టిన ఘటనల తర్వాత ఎవరికీ చెప్పక్కర్లేదు. 2018 మేలో యూరపు గోప్యతా నియమాలు అమల్లోకి వచ్చాక డాట్ కామ్ లాంటి తోకలకు ఆ వివరాలు చాలావరకు దాస్తున్నారు. డాట్ ఇన్‌కు వేరే పేరు వెనక దాక్కునే నమోదు ఒప్పుకోరు. కాబట్టి తోక ఎంచుకునే ముందే, నా వివరాలు ఎవరికి కనిపిస్తాయి అని అడగండి. ఇంటి అడ్రసు బదులు ఆఫీసు అడ్రసో, పోస్టు బాక్సో ఇవ్వగలిగితే మంచిది.

ఇదంతా చదువుకున్న, డబ్బున్న స్త్రీల బాధ కదా అని పొద్దున ఒక మిత్రురాలు టీ దగ్గర అడిగింది. న్యాయమైన ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్టు వాడిన స్త్రీలు నూటికి 21 మంది, తెలంగాణలో 26.5 మంది. దేశం మొత్తం మీద స్త్రీలలో 33 శాతం వాడితే, పురుషులలో 57 శాతం వాడారు. డొమైన్ పేరు కొనుక్కోమని నేను వ్యవసాయ కూలీలకు చెప్పడం లేదు. వాళ్ల కాగితాలు, వాళ్ల ఫిర్యాదులు, వాళ్ల వైద్య రిపోర్టులు మన సంస్థల పెట్టెల్లో ఉన్నాయి. కాబట్టి మన సంస్థలకు చెబుతున్నాను.

మన సంస్థల్లో పరిస్థితి ఎలా ఉంటుందంటే, ఎప్పుడో ఒక వాలంటీరు అబ్బాయి ఉత్సాహంగా పేరు నమోదు చేసిపెడతాడు, తన ఖాతాలో, తన కార్డుతో. తర్వాత ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు. పేరు ఎవరిది? రిజిస్ట్రారు దృష్టిలో అతనిది. సర్పంచి సీట్లో ఆమె పేరు, పెత్తనం ఆయనది అని పంచాయతీల గురించి మనమే రాస్తాం. మన ఆఫీసులో జరిగేదీ అదే. అతను చెడ్డవాడు కానక్కర్లేదు, ఫోను నంబరు మారితే చాలు.

నాకు తెలిసిన ఒక స్త్రీల సంస్థకు సరిగ్గా ఇదే జరిగింది. గడువు దాటబోతోందని రిజిస్ట్రారు పంపాల్సిన హెచ్చరికలు పంపాడు. నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి, దాటాక ఒకటి పంపాలని నియమం. అవన్నీ ఎప్పుడో మానేసిన మనిషి పెట్టెలోకి పోయాయి. డాట్ ఆర్గ్ లాంటి తోకలకు గడువు దాటాక కొద్ది వారాల వెసులుబాటు ఉండొచ్చు, తర్వాత పెద్ద మొత్తం కట్టి విడిపించుకోవడానికి 30 రోజులు, ఆపైన 5 రోజులు. ఆ తర్వాత ఎవరైనా తీసుకోవచ్చు. ఎవరో తీసుకున్నారు. ఆ పేరు తెరిస్తే జూదం ప్రకటనలు కనిపించాయి. అందరూ దాని గురించి సిగ్గుపడ్డారు. నాకు భయమేసింది ఇంకో విషయానికి. సాయం కోసం రాయండి అని ఆ సంస్థ పదేళ్లుగా గోడల మీదా, కరపత్రాల మీదా అచ్చేసిన చిరునామా ఆ పేరుతోనే ఉంది. ఇప్పుడు ఆ పేరు ఎవరి చేతిలో ఉందో వాళ్లకే ఆ ఉత్తరాలు చేరతాయి. ‘అక్కా, నేను ఇల్లు వదిలి వచ్చేస్తాను, ఎక్కడికి రావాలి’ అని రాసే అమ్మాయి ఉత్తరం కూడా. ఆ చిరునామాతో తెరిచిన బ్యాంకు, ఇతర ఖాతాల పాస్‌వర్డు మార్చుకునే ఉత్తరాలు కూడా. కార్యకర్తలు గోడ గోడకీ తిరిగి ఆ చిరునామా మీద సున్నం పూశారు. పుస్తకాల మీద ఎలా పూస్తారు?

ఇంకో ఉచ్చు ఉంది. రిజిస్ట్రారుకు మనం ఇచ్చే చిరునామా అదే డొమైన్ మీద ఉండకూడదు. గడువు దాటి పేరు ఆగిపోతే హెచ్చరిక ఉత్తరం కూడా మనకు చేరదు. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టు. ఇంకా, మీ పేరు గడువు తీరిపోతోంది వెంటనే డబ్బు కట్టండి అంటూ దొంగ ఉత్తరాలు కూడా వస్తుంటాయి. వాటిలోని లింకు నొక్కకుండా, మీరు నమోదు చేసిన కంపెనీ సైటుకే నేరుగా వెళ్లి చూసుకోండి.

తోకలు కూడా మార్కెట్టు బయట లేవు. మన సంస్థలు ఇష్టపడే డాట్ ఆర్గ్ మీద ఉన్న ధరల పరిమితిని 2019లో ఎత్తేశారు. అదే ఏడాది ఆ తోక మొత్తాన్ని ఒక ప్రైవేటు పెట్టుబడి కంపెనీకి నూటపదమూడు కోట్ల డాలర్లకు అమ్మబోయారు. ప్రపంచమంతా స్వచ్ఛంద సంస్థలు గొడవ చేశాక, 2020 ఏప్రిల్‌లో పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ ఆ అమ్మకాన్ని తిరస్కరించింది. గొడవ చేస్తే ఫలితం ఉంటుందని చెప్పడానికి ఇది చెబుతున్నాను.

కాబట్టి మధ్యాహ్నం భోజనాల తర్వాత ఉపన్యాసం ఉండదు. పక్క గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టించాం. ప్రతి సంస్థ నుంచి ఇద్దరు రండి, ఒక్కరు వద్దు. మీ పేరు ఎవరి ఖాతాలో నమోదై ఉంది, ఎవరి కార్డు నుంచి డబ్బు పోతోంది, గడువు ఏ తేదీన, హెచ్చరిక ఏ చిరునామాకు వస్తుంది, ఈ నాలుగూ రాసుకుందాం. వెళ్లిపోయిన వాళ్ల పేరున ఉంటే ఇక్కడి నుంచే వాళ్లకు ఫోను చేద్దాం, ఇంకా మనల్ని మర్చిపోకముందే. మీ సంస్థ రిజిస్ట్రేషను కాగితం జిరాక్సు, పాత రసీదులు తెచ్చిన వాళ్లు దగ్గర పెట్టుకోండి, పేరు మార్పించడానికి అవసరం పడొచ్చు. తేనివాళ్లు భోజనం లోపల ఆఫీసుకు ఫోను చేసి వాట్సాప్‌లో ఫొటో తీసి పంపమనండి.